నాయిస్ గేట్ కొనే ముందు

నాకు ఇచ్చిన అంశం "ఇంట్లో రికార్డింగ్‌కు చవకైన నాయిస్ గేట్ ఎంచుకోవడం ఎలా" అని. జవాబు మొదట్లోనే చెప్పేస్తాను, తొందర ఉన్నవారు లేచి వెళ్లిపోవచ్చు, నేనేమీ అనుకోను. మీలో చాలామందికి కావలసిన గేట్ మీ కంప్యూటర్‌లో ఇప్పటికే ఉంది. దానికి డబ్బు కట్టనక్కరలేదు. మిగిలిన కొద్దిమందికి, ముఖ్యంగా డిస్టార్షన్ గట్టిగా వాడే గిటారిస్టులకు, ఒక పెడల్, అంటే గిటార్‌కు, యాంప్‌కు మధ్య తగిలించే కాలి స్విచ్ పెట్టె, అవసరం కావచ్చు. వాళ్ల సంగతి కూడా వస్తుంది, కాస్త ఓపిక పట్టండి.

ఎవరూ లేవలేదు. మంచిది. అయితే వివరంగా మాట్లాడుకుందాం.

గేట్ అంటే గుమ్మం దగ్గర కూర్చున్న కాపలాదారు అనుకోండి. అతనికి చూపు లేదు, చెవులు మాత్రమే ఉన్నాయి. గట్టి శబ్దం వస్తే తలుపు తీస్తాడు, మెల్లని శబ్దం వస్తే మూసేస్తాడు. వచ్చింది పాటా, ఫ్యాను మోతా అని అడగడు, అతనికి తెలియదు కూడా. మీరు పాడటం మొదలుపెట్టగానే తలుపు తీస్తాడు. అప్పుడు లోపలికి వచ్చేది పాట ఒక్కటేనా? పాట వెనకాలే ఫ్యాను కూడా దర్జాగా నడిచి వస్తుంది. ఇది మాత్రం గట్టిగా పట్టుకోండి. గేట్ ఖాళీలను మూస్తుంది, అంతే. మాట కింద ఉన్న మోతను అది ముట్టుకోదు.

చాలామంది గేట్ కొని, రెండు వారాలు వాడి, "ఇది పనిచేయడం లేదు" అని ఇంకా ఖరీదైనది వెతుకుతారు. పాపం, అది పనిచేస్తూనే ఉంటుంది. వాళ్లు అడుగుతున్న పని వేరు. మాట వినిపిస్తున్నంతసేపూ వెనక గుయ్యిమనే మోత, మాట ఆగగానే చీకటి లాంటి నిశ్శబ్దం, మళ్లీ మాట, మళ్లీ మోత. ఇలా వస్తూ పోతూ ఉండే మోత, నిలకడగా ఉండే మోత కన్నా చెవికి ఎక్కువ గుచ్చుకుంటుంది. ఒకే తీరుగా ఉన్నదాన్ని చెవి కాసేపటికి పట్టించుకోవడం మానేస్తుంది. మారుతున్నదాన్ని మాత్రం ప్రతిసారీ పట్టుకుంటుంది.

అందుకని కొనడానికి ముందు ఒక పరీక్ష చేయండి. ఖర్చు లేని పరీక్ష. ఎప్పుడూ రికార్డింగ్ చేసే వేళకే, ఎప్పుడూ ఉంచే గెయిన్‌లోనే, అంటే మైకు శబ్దాన్ని పెంచే మీట ఎప్పుడూ ఉండే చోటే ఉంచి, మైకు ముందు పది సెకండ్లు మాట్లాడకుండా కూర్చోండి. తర్వాత మామూలుగా చదవండి లేదా పాడండి. చివర్లో మీరు పాడగలిగినంత మెల్లగా ఒక వాక్యం పాడండి. ఇప్పుడు మీటరు చూడండి. అందులో సున్నా అన్నిటికన్నా పైమెట్టు, మైనస్ అంకె పెద్దదయ్యే కొద్దీ శబ్దం మెల్లన. మూడు అంకెలు రాసుకోవాలి: నిశ్శబ్దం ఎంత, మామూలు గొంతు ఎంత, అన్నిటికన్నా మెల్లని మాట ఎంత.

నిశ్శబ్దం మైనస్ 60 డెసిబెల్స్ దగ్గర ఉందనుకోండి, గొంతు శిఖరాలు మైనస్ 12 దగ్గర ఉన్నాయనుకోండి. మీకు గేట్ ఎందుకండీ? హాయిగా ఇంటికి వెళ్లి పాడుకోండి. ఆడియో పుస్తకాలు తీసుకునే ఏసీఎక్స్ వాళ్లు కూడా నేపథ్య శబ్దం మైనస్ 60 కన్నా తక్కువగా ఉండాలనే అడుగుతారు. కాకపోతే వాళ్ల లెక్క లెవెల్స్ అన్నీ సరిచేసి పంపిన తుది ఫైలు మీద.

నిశ్శబ్దం మైనస్ 45, మెల్లని మాట మైనస్ 35 అయితే మధ్యలో 10 డెసిబెల్స్ సందు ఉంది. గేట్ పనిచేసేది ఆ సందులోనే. థ్రెషోల్డ్‌ను, అంటే తలుపు తీయాలా మూయాలా అని తేల్చే గీతను, మైనస్ 40 దగ్గర పెడితే అటు మోత ఆగుతుంది, ఇటు మాట తెగదు. మరి నిశ్శబ్దమే మైనస్ 32, మెల్లని మాట మైనస్ 30 అయితే? సందే లేదు. అప్పుడు ప్రపంచంలో అన్నిటికన్నా ఖరీదైన గేట్ తెచ్చినా ఉపయోగం లేదు. మోత ఆపితే మాట తెగుతుంది, మాట నిలిపితే మోత వస్తుంది. ఇది గేట్ నాణ్యతకు సంబంధించిన విషయం కాదు, లెక్క.

ఆ సందును పెంచడం ఎలా? గెయిన్ పెంచితే పెరుగుతుందా? పెరగదు. గెయిన్ పెంచితే గొంతూ పెరుగుతుంది, గదీ పెరుగుతుంది. సందు అలాగే ఉంటుంది. మైకు దగ్గరికి జరిగితే పెరుగుతుంది. దూరం సగం చేసిన ప్రతిసారీ మీ గొంతు మైకుకు సుమారు 6 డెసిబెల్స్ ఎక్కువగా చేరుతుంది. ఫ్యాను దూరం మారలేదు కాబట్టి దాని మోత అక్కడే ఉంటుంది. 40 సెంటీమీటర్ల దూరం నుంచి 10 సెంటీమీటర్లకు వస్తే 12 డెసిబెల్స్ చేతికొచ్చాయి. ఏ దుకాణంలోనూ 12 డెసిబెల్స్ ఇంత చవకగా దొరకవు. అయితే దగ్గరికి వచ్చేసరికి గొంతులో కింది స్వరాలు ఉబ్బుతాయి, "ప", "భ" అన్నప్పుడు గాలి కొడుతుంది. దానికి గాలిని ఆపే జాలీ, అంటే ఒక పాప్ ఫిల్టర్ పెట్టండి, 80 హెర్ట్జ్ దగ్గర, అంతకన్నా కింది స్వరాలను తగ్గించే హై పాస్ ఫిల్టర్ వేయండి.

ఇంకొకటి. కార్డియాయిడ్ అనే రకం మైకు తన వీపు వైపు నుంచి వచ్చే శబ్దాన్ని తక్కువగా తీసుకుంటుంది. చాలా ఇళ్లలో మైకు వీపు గోడ వైపు, ముఖం కంప్యూటర్ ఫ్యాను వైపు ఉంటుంది. తిప్పి పెట్టండి, అంతే. ల్యాప్‌టాప్ వాడేవారు ఒకసారి చార్జరు తీసి రికార్డు చేసి చూడండి. సన్నని కీచుమనే శబ్దం మాయమైతే దొంగ దొరికాడు. గుమ్మని కింది స్వరంలో మోగే హమ్ అయితే అది కరెంటు నుంచి వచ్చేది. మీరున్న దేశాన్ని బట్టి 50 లేదా 60 హెర్ట్జ్, వాటి గుణిజాలు. దాన్ని కేబుల్ దగ్గర, గ్రౌండ్ దగ్గర వెతకాలి. గేట్‌తో దాన్ని దాచగలరు, తీసివేయలేరు.

ఇదంతా అయ్యాక కూడా గేట్ కావాలంటే, ఇక ఎంచుకుందాం. ఎలా ఎంచుకోవాలి? పేరు చూసి కాదు, మీటల వైపు చూసి. ఏ మీటలు ఉన్నాయి, ఏవి లేవు అన్నది చూస్తే ఆ గేట్ మీ పనికి వస్తుందో రాదో సగం తెలిసిపోతుంది.

థ్రెషోల్డ్ అన్నిటికీ ఉంటుంది. దాని గురించి ఇప్పుడే చెప్పుకున్నాం.

రిలీజ్, లేదా డికే అని రాసి ఉంటుంది. తలుపు ఎంత నెమ్మదిగా మూయాలి అన్నది. మనకు ఇది చాలా ముఖ్యం. ఎందుకో చెబుతాను. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. "వెళ్లాడు" అని వాక్యం చివర అనండి. ఒకసారి అందరూ అనండి... ఆ "డు"లో ఉకారం ఎంత మెత్తగా జారిపోయిందో గమనించారా? రిలీజ్ తక్కువగా పెడితే అది కాస్తా "వెళ్లాడ్" అయిపోతుంది. వాక్యం తర్వాత వాక్యం ఇలాగే తెగుతూ ఉంటే వినేవారికి ఎక్కడ లోపమో తెలియదు, ఏదో బాగా లేదని మాత్రం తెలుస్తుంది. మాటకు 150 నుంచి 300 మిల్లీసెకండ్ల మధ్య మొదలుపెట్టి చెవితో సరిచేసుకోండి. వీణ, గిటార్ లాంటి తీగ వాయిద్యాలకు ఇంకా ఎక్కువ కావాలి. మీటిన స్వరం గాలిలో కలిసిపోయేవరకూ తలుపు తెరిచి ఉండాలి కదా. అసలు నెమ్మదిగా వాయించే వీణకు గేట్ వద్దంటాను. ఆ తోక తెగితే ఇంకేం మిగిలింది?

అటాక్ అంటే తలుపు తెరుచుకోవడానికి పట్టే సమయం. "క", "ట", "ప" మొదట్లో ఒక చిన్న పేలుడు ఉంటుంది. తలుపు నెమ్మదిగా తెరుచుకుంటే ఆ పేలుడు బయటే ఉండిపోతుంది. గొంతుకు 1 నుంచి 5 మిల్లీసెకండ్లు బాగుంటుంది. మరీ సున్నాకు తెస్తే టక్కుమని శబ్దం వినిపించవచ్చు. లుక్ అహెడ్ ఉన్న ప్లగిన్ (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో తగిలించుకునే చిన్న ప్రోగ్రాం) అయితే రాబోయే శబ్దాన్ని ముందే చూసి తలుపు తీస్తుంది. రికార్డు అయిపోయిన ఫైలు మీద ఇది గొప్ప సౌకర్యం. పెడల్‌కు ఆ అవకాశం లేదు. ముందు చూడాలంటే శబ్దాన్ని ఆలస్యం చేయాలి, వాయించేవారి చేతికి ఆ ఆలస్యం తెలిసిపోతుంది.

హోల్డ్ గురించి పెద్దగా చెప్పను. మూసే ముందు కాసేపు ఆగడం. 50 నుంచి 200 మిల్లీసెకండ్లు ఇచ్చి వదిలేయండి. బేస్ గిటార్ వాయించేవారు మాత్రం జాగ్రత్త. లావు తీగ సుమారు 41 హెర్ట్జ్, అంటే ఒక్కో అలకు దాదాపు 24 మిల్లీసెకండ్లు. హోల్డ్, రిలీజ్ రెండూ అంతకన్నా తక్కువైతే గేట్ ఒక్కో అల మధ్యలోనే తెరుచుకుని మూసుకుంటుంది. స్వరం బరబరమంటుంది.

ఇక హిస్టెరిసిస్. పేరు చూసి భయపడకండి. తెరవడానికి ఒక గీత, మూయడానికి అంతకన్నా కింద ఇంకొక గీత. ఒకే గీత ఉంటే, శబ్దం సరిగ్గా దాని దగ్గర ఊగిసలాడుతున్నప్పుడు తలుపు టపటపా కొట్టుకుంటుంది. రెండు గీతల మధ్య 4 నుంచి 6 డెసిబెల్స్ ఉంటే ఆ కొట్టుకోవడం ఆగుతుంది. ఓబీఎస్ అనే ఉచిత స్ట్రీమింగ్, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న గేట్ చూడండి, అది దీన్ని నేరుగా రెండు గీతలుగానే చూపిస్తుంది. మొదట్లో తెరిచే గీత మైనస్ 26 దగ్గర, మూసే గీత మైనస్ 32 దగ్గర ఉంటాయి. ఆలోచన మంచిది, అంకెలు మాత్రం మీ గదికి తగినట్టు మార్చుకోవాలి. అందులో అటాక్ 25 మిల్లీసెకండ్లు ఉంటుంది, మాటకు అది ఎక్కువని నా అభిప్రాయం. తగ్గించండి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన మీట, రేంజ్. కొన్ని చోట్ల రిడక్షన్ అని ఉంటుంది. తలుపు మూసినప్పుడు శబ్దం పూర్తిగా ఆగాలా, కొంచెం తగ్గితే చాలా అన్నది ఇది. పూర్తిగా ఆపకండి. 10 నుంచి 15 డెసిబెల్స్ తగ్గించండి, చాలు. గది ఊపిరి కొంచెం మిగులుతుంది, వినేవారికి తెరుచుకోవడం, మూసుకోవడం తెలియదు. ఈ ఒక్క మీట ఉన్న ఉచిత ప్లగిన్, ఇది లేని ఖరీదైన పెట్టె కన్నా గొంతుకు మేలు. రెండు సార్లు చెప్పమన్నా చెబుతాను: గొంతు కోసం గేట్ వెతుకుతుంటే ముందు రేంజ్ ఉందా అని చూడండి.

ఎక్స్‌పాండర్ అని ఇంకొకటి కనిపిస్తుంది. ఇది గేట్‌కు నెమ్మదస్తుడైన తమ్ముడు. నిష్పత్తి 2కు 1 అని పెడితే, థ్రెషోల్డ్‌కు 10 డెసిబెల్స్ కింద ఉన్న శబ్దం 20 కిందికి వెళుతుంది. ఒక్కసారిగా తెగదు, మెల్లగా వంగుతుంది. మాటకు, పాటకు నేను గేట్ కన్నా ముందు దీన్నే తీసుకుంటాను. ఓబీఎస్‌లో ఇది కూడా విడిగా ఉంది.

సరే, ఉచితంగా ఎక్కడ దొరుకుతాయి? ఆడాసిటీ అనే ఉచిత రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ గేట్ ఉంది. ఎంత తగ్గించాలో చెప్పే మీట కూడా ఉంది, అంటే మన రేంజే. దాన్ని ఫైలు మీద వేసేస్తే మార్పు అందులో కలిసిపోతుంది కాబట్టి అసలు ఫైలు కాపీ ఒకటి దాచుకోండి. రీపర్ అనే ఇంకో రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌తో వచ్చే రియాగేట్‌లో హిస్టెరిసిస్, ముందుగా తెరవడం, వినే శబ్దానికి ఫిల్టర్, అన్నీ ఉన్నాయి. విండోస్ వాడేవారు రీపర్ లేకపోయినా రియాప్లగ్స్ అనే పేరుతో ఉచితంగా తెచ్చుకోవచ్చు. చూడటానికి అందంగా ఉండదు. చెవితో పని కాబట్టి నష్టం లేదు. ఆపిల్ వాళ్ల గ్యారేజ్‌బ్యాండ్‌లో ఒకే ఒక్క మీట ఉన్న గేట్ ఉంది. గిటార్‌కు సరే, గొంతుకు నాకు నచ్చదు. ఎందుకో ఇప్పుడు మీకే తెలుసు.

వినే శబ్దానికి ఫిల్టర్ అన్నాను కదా, అదేమిటి అంటే, బయట లారీ వెళ్లినప్పుడు గుడగుడమని గేట్ తెరుచుకుంటోందనుకోండి. 100 హెర్ట్జ్ కింద ఉన్నదాన్ని గేట్ చెవిన పడకుండా చేయవచ్చు. మీ గొంతు రంగు మారదు. గేట్ వినేది మాత్రమే మారుతుంది.

గిటారిస్టులూ, మీ వంతు వచ్చింది. మీ సమస్య వేరు. డిస్టార్షన్ అంటే విపరీతమైన గెయిన్. తీగ మోగనప్పుడు పికప్ (తీగ కదలికను పట్టే గిటార్ చెవి) పట్టే హమ్ కూడా అంతే విపరీతంగా పెరుగుతుంది. రెండు పదునైన స్వరాల మధ్య నిశ్శబ్దం కావాలంటే గేట్ తప్పదు. కానీ ఒక్క ప్రశ్న. మీరు గిటార్‌ను నేరుగా ఇంటర్‌ఫేస్‌లోకి, అంటే శబ్దాన్ని కంప్యూటర్‌కు చేర్చే పెట్టెలోకి ఇచ్చి, యాంప్ ధ్వనిని కంప్యూటర్‌లో తయారు చేసుకుంటారా? అయితే ఆ యాంప్ సాఫ్ట్‌వేర్‌లోనే మొదట్లో ఒక గేట్ ఉండే అవకాశం చాలా ఎక్కువ. పెడల్ డబ్బు మిగిలినట్టే. శుభ్రమైన గిటార్ శబ్దాన్ని అలాగే రికార్డు చేసి, గేట్‌ను తర్వాత ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. పెడల్‌తో తెగిపోయిన స్వరాన్ని మళ్లీ అతికించలేరు.

నిజమైన యాంప్ ముందు మైకు పెట్టేవారికే పెడల్. కొనేటప్పుడు సెండ్, రిటర్న్ అనే రెండు రంధ్రాలు ఉన్నాయా చూడండి. ఇది ఎందుకు ముఖ్యం? డిస్టార్షన్ తర్వాత శబ్దం అంతా ఒకే ఎత్తులో ఉంటుంది. ఎక్కడ స్వరం ముగిసి ఎక్కడ మోత మొదలైందో గేట్‌కు తెలియదు. సెండ్, రిటర్న్ ఉంటే గేట్ శుభ్రమైన గిటార్‌ను వింటూ, డిస్టార్షన్ తర్వాతి శబ్దాన్ని మూస్తుంది. వినేది ఒక చోట, మూసేది ఇంకొక చోట. 1987లో వచ్చిన బాస్ ఎన్ఎస్-2 ఇన్నేళ్లుగా నిలబడటానికి ఇదొక పెద్ద కారణం. థ్రెషోల్డ్, డికే, ఒక మోడ్ స్విచ్, అంతే. వాడినవి సులువుగా దొరుకుతాయి, గట్టి లోహపు పెట్టె కాబట్టి భయం లేదు. బెరింజర్ ఎన్ఆర్300 అదే పద్ధతిలో ప్లాస్టిక్ పెట్టెలో వస్తుంది. ఇంట్లో బల్ల మీద ఉండేదానికి ప్లాస్టిక్ అయితే ఏమిటి? వేదికలకు మోసుకెళ్లేవారు ఆలోచించుకోవాలి. డానర్ నాయిస్ కిల్లర్ చిన్నది, చవకైనది, ఒక మీట, ఒక స్విచ్. సెండ్, రిటర్న్ లేవు. కొంచెం హమ్ ఉన్నవారికి సరిపోతుంది. ఐఎస్‌పీ డెసిమేటర్‌కు మీట ఒక్కటే అయినా రిలీజ్‌ను మీ వాయింపును బట్టి అదే సర్దుకుంటుంది. అందుకే దానికి అంత మంచి పేరు. టీసీ సెంట్రీ శబ్దాన్ని పట్టీలుగా విడగొట్టి మూస్తుంది, సెండ్, రిటర్న్ కూడా ఉన్నాయి. నన్ను అడిగితే, వాడిన ఎన్ఎస్-2 మంచి స్థితిలో దొరికితే ఇంకేమీ వెతకకండి.

అయితే అన్ని పెడల్స్‌నూ ఒకే చవక అడాప్టరు నుంచి గొలుసుగా నడుపుతున్నవారు ముందు అది మార్చండి. అడాప్టరు చేసే గోలను మూయడానికి పెడల్ కొనడం, ఆ పెడల్‌ను కూడా అదే అడాప్టరుకు తగిలించడం... నవ్వకండి, చాలామంది చేస్తారు.

ప్రశ్నలు వస్తున్నాయి. కంప్రెసర్‌కు ముందా, తర్వాతా? ముందు. కంప్రెసర్ గట్టి చోట్లను అణచి, తర్వాత మొత్తాన్ని పైకి లేపుతుంది. 12 డెసిబెల్స్ లేపితే మోత కూడా 12 లేస్తుంది. మీరు జాగ్రత్తగా కొలిచిన సందు అక్కడే ఇరుకైపోతుంది. గది మోగింపును, ప్రతిధ్వనిని కలిపే రీవర్బ్, డిలే మాత్రం గేట్ తర్వాత ఉండాలి, లేకపోతే వాటి తోకలు తెగుతాయి.

వెనక నుంచి ఎవరో అడుగుతున్నారు, కృత్రిమ మేధతో మోత తీసే ఫిల్టర్లు ఉండగా గేట్ ఎందుకని. మంచి ప్రశ్న. ఓబీఎస్‌లోనే ఆర్ఎన్ నాయిస్ అనే ఫిల్టర్ ఉంది, ఉచితం. అది మాట్లాడుతున్నప్పుడు కూడా మోతను తగ్గిస్తుంది, గేట్ చేయలేని పని. మాటకు వాడండి, నాకు అభ్యంతరం లేదు. పాటకు, వాయిద్యానికి మాత్రం వద్దు. అది నేర్చుకున్నది మనిషి మాటను గుర్తుపట్టడం. తంబురా దాని దృష్టిలో ఫ్యాను లాంటిదే.

చివరిగా, వాడిన ర్యాక్ యూనిట్లు. డీబీఎక్స్ 266ఎక్స్‌ఎస్ లాంటివి, రెండు చానెళ్లు, కంప్రెసర్, గేట్ కలిపి. ఒక్క మైకుతో ఇంట్లో పాడుకునేవారికి వద్దనే చెబుతాను. దానికి లైన్ లెవెల్, అంటే మైకు నుంచి నేరుగా వచ్చేదాని కన్నా బలమైన సిగ్నల్ కావాలి, మీ ఇంటర్‌ఫేస్‌కు ఇన్సర్ట్ రంధ్రం (మధ్యలో ఇంకో పెట్టెను కలిపే చోటు) లేకపోతే మధ్యలో పెట్టడానికి దారే ఉండదు. డ్రమ్స్‌కు నాలుగైదు మైకులు పెట్టి, మిక్సర్ ద్వారా నడిపేవారు అయితే తీసుకోండి. కొనే ముందు ఇన్‌పుట్‌లో ఏమీ పెట్టకుండా దాన్ని ఆన్ చేసి, హెడ్‌ఫోన్స్‌లో దాని సొంత గుయ్యి ఎంతో ఒకసారి వినండి.